సామాను తూచిన తరువాతే సంచి: నర్మదా పరిక్రమకు వరంగల్‌లో కుట్టించిన బ్యాగు, కుట్టిన దుకాణం

వరంగల్ చౌరస్తా నుంచి బట్టల బజారు వైపు వెళ్లే దారిలో, ఒక సందు లోపల, స్కూలు బ్యాగులకు జిప్పులు మార్చి, సూట్‌కేసులకు చక్రాలు బిగించే చిన్న దుకాణం ఒకటి ఉంది. పేరు రాద్దామంటే దానికి పేరున్న బోర్డు లేదు. ఉన్న బోర్డు మీద ఒక మొబైల్ కంపెనీ ప్రకటన మాత్రమే కనిపిస్తుంది. నర్మదా పరిక్రమకు బయలుదేరే ముందు వీపు సంచి కుట్టించుకున్నది అక్కడే. నది రెండు గట్లూ నడిచి వచ్చాను కనుక, ఆ సంచి ఎలా నిలిచింది, దుకాణం పనితనం ఎలాంటిది, సంచిలోకి ఏ సామాను ఎంచుకోవడం మంచిది అన్న సంగతులను, అంత దూరం నడవాలనుకుంటున్న వారికి పనికొచ్చేలా వివరంగా రాస్తున్నాను.

నడక స్వభావం తెలియకుండా సామాను ఎంచుకోలేము కాబట్టి ముందుగా దాని గురించి కొంత చెప్పాలి. అమరకంటక్‌లో పుట్టి భరూచ్ దాటాక ఖంభాత్ సింధుశాఖలో కలిసే నర్మద పొడవు 1,312 కిలోమీటర్లు. పరిక్రమ చేసేవారు నదిని ఎప్పుడూ కుడిచేతి వైపే ఉంచుకొని, ఎక్కడా దాటకుండా, సముద్ర సంగమం దగ్గర మాత్రం పడవలో ఆవలి గట్టుకు చేరి, తిరిగి మొదలుపెట్టిన చోటికి వస్తారు. అంటే రెండు గట్లూ కలిపి నది పొడవే 2,600 కిలోమీటర్లు దాటుతుంది. దారి వంకరలను బట్టి నడక ఇంకా పెరుగుతుంది. సంప్రదాయం ప్రకారం దీనికి మూడు సంవత్సరాల మూడు నెలల పదమూడు రోజులు పడుతుందని చెబుతారు గాని, ఈ రోజుల్లో చాలామంది చాతుర్మాస్యం ముగిశాక, కార్తికంలో బయలుదేరి, ఎండలు ముదిరేలోపు ముగించాలని చూస్తారు. దారి పొడవునా ఆశ్రమాలూ అన్నక్షేత్రాలూ ఉన్నందువల్ల గుడారం, పొయ్యి, వారం రోజుల తిండి మోయాల్సిన పని లేదు. హిమాలయ ట్రెక్కింగుకు తయారైన అరవై, డెబ్బై లీటర్ల సంచులు ఇక్కడ అనవసరం అనడానికి ఇదే ముఖ్య కారణం. సంచి పెద్దదైతే ఖాళీ చూసి ఏదో ఒకటి నింపబుద్ధవుతుంది.

ఈ మాటే దుకాణం నడిపే మాస్టర్ తన పద్ధతిలో చెప్పారు. యాభై లీటర్ల సంచి కావాలని అడిగితే ఆయన గుడ్డ చూపించలేదు, ధర చెప్పలేదు. "ముందుగాల సామానంత తీస్కరాండ్రి సార్, సంచి సంగతి అటెనుక జూద్దాం" అన్నారు. దూర నడకల్లో ఆరితేరినవారు ఎక్కడైనా ఇచ్చే సలహా ఇదే: పడుకునేవి, కట్టుకునేవి, వానకు కప్పుకునేవి అన్నీ సిద్ధమయ్యాక, వాటి బరువూ పరిమాణమూ తెలిశాక, చివరగా సంచి కొనాలి. పెద్ద దుకాణాల్లో మాత్రం మనిషి లోపలికి అడుగుపెట్టగానే సంచుల గోడ దగ్గరికే తీసుకుపోతారు.

మర్నాడు సామానంతా ఒక బస్తాలో వేసుకొని వెళ్లాను. ఆయన ఒక్కొక్క వస్తువునూ కొక్కెం ఉన్న చిన్న డిజిటల్ కాంటాకు తగిలించి, బరువును పాత బిల్లు వెనుక సున్నంముక్కతో రాశారు. తిండి, నీళ్లు, ఇంధనం మినహాయించగా మిగిలే బరువును దూర నడకవారు మూల బరువుగా లెక్కిస్తారు. అది తొమ్మిది కిలోల లోపు ఉంటే తేలిక అనీ, నాలుగున్నర కిలోల లోపు ఉంటే అతి తేలిక అనీ వారిలో ఒక వాడుక ఉంది. మాస్టర్‌కు ఆ లెక్కలతో పరిచయం లేదు. రెండు కిలోలు దాటిన ప్రతి వస్తువునూ పక్కన పెట్టి, ఇది లేకుండా నడవలేరా అని అడగడం ఆయన అలవాటు. అలా పక్కకు పోయినవాటిలో మొదటిది గొంగడి.

గొంగడి గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతం నుంచి వెళ్లే ఎవరికైనా ఈ ప్రశ్న ఎదురవుతుంది. దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన గొంగడి తడిసినా వెచ్చదనం పోదు, చినుకులను చాలాసేపు ఆపుతుంది, నేల మీద పరిస్తే తేమను పైకి రానివ్వదు, కొప్పెర పెట్టుకుంటే రెయిన్‌కోటులా పనిచేస్తుంది. ఒక్క వస్తువుతో ఇన్ని పనులు జరిగే సామాను బజారులో మరొకటి లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. అయితే మా ఇంట్లో ఉన్నది కాంటా మీద 2.3 కిలోలు తూగింది. పూర్తిగా తడిస్తే ఆ బరువు ఇంకా చాలా పెరుగుతుంది, ఆరడానికి ఒక ఎండ చాలదు. మందల వెంట తిరిగేవారు దాన్ని భుజాన వేసుకొని నడుస్తారు, సంచిలో మడతపెట్టి మోయరు. నెలల తరబడి రోజుకు పాతిక కిలోమీటర్లు నడిచేవాడికి ఆ బరువు భుజం మీద వేరుగా తెలుస్తుంది. కొత్తవాడ జంపఖానా విషయమూ అంతే. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు దక్కిన మాట నిజమే, ఇంట్లో పరుచుకోవడానికి దానికి సాటి లేదు. కానీ అది నూలు కాబట్టి నేల తేమను పీల్చుకుంటుంది, చుడితే లావుగా అవుతుంది. మూసిన గుల్లలున్న ఫోమ్ చాప 400 గ్రాములే తూగుతుంది, నీరు పీల్చదు, రాయి గుచ్చుకున్నా గాలి పోయే భయం లేదు. గాలి ఊదుకునే పరుపులు దానికంటే మెత్తగా ఉంటాయి గాని, నర్మద గట్ల మీద తుమ్మముళ్లు చూసినవారెవరూ వాటిని నమ్ముకోరు.

కప్పుకోవడానికి స్లీపింగ్ బ్యాగు తీసుకున్నాను. దాన్ని కొనేటప్పుడు ఒక విషయం గమనించాలి. ఐఎస్‌ఓ 23537 ప్రమాణం ప్రకారం పరీక్షించిన స్లీపింగ్ బ్యాగు మీద సుఖంగా పడుకోగల ఉష్ణోగ్రత ఒకటి, ముడుచుకొని పడుకుంటే ఓర్చుకోగల ఉష్ణోగ్రత మరొకటి విడివిడిగా ముద్రించి ఉంటాయి. అమ్మేవారు పెద్ద అక్షరాల్లో చూపించేది చాలాసార్లు రెండవదే. కొనేవారు చూడవలసింది మొదటిది. లోపలి నింపు విషయంలో, బాతు ఈకలు అదే వెచ్చదనానికి తక్కువ బరువు తూగుతాయి గాని తడిస్తే పూర్తిగా అణిగిపోతాయి. పాలిస్టర్ నింపు బరువెక్కువైనా తడిసినప్పుడు కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది, త్వరగా ఆరుతుంది, ధర చాలా తక్కువ. పది డిగ్రీల వరకు సుఖంగా ఉండే పాలిస్టర్‌ది, 1,050 గ్రాములు తూగేది ఎంచుకున్నాను. మధ్యప్రదేశ్‌లోని నిమాడ్ ప్రాంతంలో డిసెంబరు రాత్రులకు స్వెట్టరు వేసుకొని పడుకుంటే అది సరిపోయింది. చాలా ఆశ్రమాల్లో అదనంగా దుప్పటి కూడా ఇస్తారు.

ఇక సంచి కొలతలు. చాలామంది సంచిని లీటర్ల లెక్కన కొంటారు. మాస్టర్ మాత్రం వీపును కొలిచారు. తల ముందుకు వంచమని, మెడ కింద పొడుచుకు వచ్చే ఎముక దగ్గర సున్నంముక్కతో గుర్తు పెట్టి, తరువాత రెండు చేతుల బొటనవేళ్లూ వెనక్కి వచ్చేలా నడుము ఎముకల పైఅంచున పెట్టుకోమని, ఆ వేళ్ల మధ్య గీతకు మరో గుర్తు పెట్టి, రెండింటి మధ్య దూరాన్ని టేపుతో కొలిచారు. నాది 18 అంగుళాలు వచ్చింది. ఎత్తు ఒకటే అయిన ఇద్దరు మనుషులకు ఈ కొలత వేరుగా ఉండవచ్చు. ఇది తప్పితే నడుము పట్టీ తుంటి ఎముకల మీద కూర్చోకుండా కడుపు మీదికో తొడల మీదికో జారుతుంది, అప్పుడు బరువంతా భుజాలే మోయాలి. కొలిచాక ఆయన దుకాణంలో ఉన్న ఒక నమూనా సంచిలో ఎనిమిది కిలోల బియ్యం నింపి, పక్కింటి మెట్లు ఎక్కి దిగి రమ్మన్నారు. నడుము పట్టీ బిగించినప్పుడు భుజం పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరాలని, దూరకపోతే పట్టీ వంపు మార్చి కుడతానని చెప్పారు. ఎక్కువ ధరలు పెట్టే దుకాణాల్లో కూడా ఇంత ఓపికగా చూసినవారు నాకు తారసపడలేదు.

గుడ్డ ఎంపికలో ఆయనతో కొంత వాదన జరిగింది. సైన్యం సంచులకు వాడే 1,000 డెనియర్ కార్డూరా అనే గట్టి నైలాన్ గుడ్డ వేయమని ఆయన సలహా, 420 డెనియర్ నైలాన్ చాలని నా అభిప్రాయం. డెనియర్ అంటే తొమ్మిది వేల మీటర్ల నూలుపోగు ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క. అంకె పెరిగేకొద్దీ గుడ్డ గట్టిదవుతుంది, బరువూ పెరుగుతుంది. చివరకు అడుగుభాగానికీ, వీపుకు తగిలే భాగానికీ 1,000 డెనియర్, మిగతా అంతటా 420 అని ఒప్పందం కుదిరింది. నోటికి జిప్పు వద్దనీ, గుడ్డను మూడు మడతలు చుట్టి బకిల్‌తో బిగించేలా ఉండాలనీ కోరాను, ఎందుకంటే దూర నడకల్లో ముందుగా చెడిపోయేది జిప్పే. కుట్టుకు నూలు దారం బదులు పాలిస్టర్ దారం వాడటం, పట్టీలు సంచికి అతికే చోట ఒకే గీత కుట్టుతో సరిపెట్టకుండా అడ్డంగా దగ్గరదగ్గరగా అనేకసార్లు కుట్టడం ఆయన అడగకుండానే చేశారు. సంచి పరిమాణం సుమారు 42 లీటర్లు, ఖాళీ బరువు 950 గ్రాములు.

అమెరికాలోని దూర నడకదారి అప్పలాచియన్ ట్రయల్‌ను ఒంటరిగా, ఒకే విడతలో నడిచిన తొలి మహిళ ఎమ్మా గేట్‌వుడ్ కూడా ఇంట్లో కుట్టుకున్న సంచితోనే నడిచారు. 1955లో, 67 ఏళ్ల వయసులో, డెనిమ్ గుడ్డతో తానే కుట్టుకున్న సంచిని ఒక భుజానికి తగిలించుకొని, అందులో ఒక సైనిక దుప్పటి, రెయిన్‌కోటు, తలదాచుకోవడానికి స్నానాలగది ప్లాస్టిక్ తెర పెట్టుకొని, మామూలు కాన్వాసు బూట్లతో ఆ దారి పూర్తిచేశారు. స్థానికంగా కుట్టించిన సంచి మీద అపనమ్మకం ఉన్నవారికి ఆమె ఉదాహరణ చాలు గాని, ఒక భుజం సంచిని మాత్రం నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఎంత మంచి గుడ్డయినా, లోపల నీరు దిగని పూత ఉన్నా, సూది గుచ్చిన ప్రతి చోటా నీరు దిగుతుంది. బయట కప్పే రెయిన్ కవరు వీపు వైపు నుంచి కారే నీటిని ఆపలేదు. అందువల్ల సంచి లోపలే ఒక మందపాటి పాలిథిన్ సంచి పరిచి, అందులో సామాను పెట్టి, దాని మూతిని మెలితిప్పి బిగించడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. ఎనుమాముల మార్కెట్ పరిసరాల్లో బస్తాలు అమ్మేచోట ఇలాంటివి దొరుకుతాయి. రెండు తీసుకుంటే దారి మొత్తానికి వస్తాయి. చలికాలంలో వాన ఎందుకు పడుతుందని అనుకోవద్దు. మధ్యప్రదేశ్ రైతులు మావఠా అని పిలిచే శీతాకాలపు వాన పడితే ఒక్కోసారి రెండు రోజులు వదలదు. సంచితో సహా కప్పే పాంచో 350 గ్రాములే కనుక, దాన్ని అన్నిటికంటే పైన, చేయి పెట్టగానే అందేలా ఉంచాలి.

సర్దడంలో సూత్రం ఒక్కటే: రాత్రి దాకా అవసరం లేనివి అడుగున, బరువైనవి వెన్నెముకకు ఆనుకొని నడుమ ఎత్తులో, దారిలో కావలసినవి పైన. స్లీపింగ్ బ్యాగును దాని చిన్న సంచిలో బిగించి రాయిలా చేయకుండా వదులుగా అడుగున కూరితే మూలలన్నీ నిండి, పైన పెట్టినవి కదలవు. దాని మీద బట్టలు, వీపు వైపు పవర్ బ్యాంకు, అటుకులూ బెల్లమూ పల్లీల పొట్లాలు, బయటి వైపు తేలికైన గిన్నె. నీళ్ల సీసాలు రెండు పక్క జేబుల్లోనూ సమంగా ఉండాలి, ఎందుకంటే లీటరు నీరు కిలో బరువు. ఒక పక్కే పెడితే సాయంత్రానికి ఆ వైపు భుజం నొప్పి పెడుతుంది. ఆధార్ కార్డు, డబ్బు, ముద్రలు వేయించుకునే పరిక్రమ పుస్తకం నడుము పట్టీకి ఉన్న చిన్న జేబులో పెట్టుకున్నాను. ఆ జేబు కుట్టమని అడిగితే మాస్టర్ అదనంగా ఏమీ తీసుకోలేదు.

బట్టలు రెండు జతలు, స్వెట్టరు ఒకటి, తువ్వాలు ఒకటి. పరిక్రమలో తెల్లబట్టలు కట్టడం ఆచారం. పాలిస్టర్ కలిసిన పలుచని తెల్ల పంచె రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరుతుంది, ముతక నూలుది ఆరదు.

బూట్ల దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. ట్రయల్ రన్నింగ్ బూట్లు సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనిచేస్తాయి. ఆ తరువాత పైకి బాగానే కనిపించినా లోపలి మెత్త అణిగిపోయి మడమల నొప్పి మొదలవుతుంది. కాబట్టి ఈ దూరానికి నాలుగు జతలు లెక్క వేసుకోవాలి, అన్నీ మోయకుండా దారిలోని ఊళ్లకు పంపించే ఏర్పాటు చేసుకోవాలి. జబల్‌పూర్‌లో ఉన్న మిత్రుడి చిరునామాకు మా అబ్బాయి ఒక జత పంపాడు. రోజంతా నడిస్తే పాదం ఉబ్బుతుంది కనుక ఒక సైజు పెద్దది, అదీ సాయంత్రం వేళ దుకాణానికి వెళ్లి కొనాలి. నూలు సాక్సులు చెమటను పట్టి ఉంచి బొబ్బలు తెస్తాయి. ఉన్ని కలిసినవి మంచివి. కాలికి ఎక్కడైనా వేడి తగిలినట్టు అనిపించగానే ఆగి టేపు వేసుకోవాలి, బొబ్బ లేచాక వేసే టేపుతో ప్రయోజనం తక్కువ.

మిగిలినవి చిన్నవి: తలకు కట్టుకునే లైటు, నీళ్లలో వేసే క్లోరిన్ మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు, సూది దారం, చేతికర్ర, నర్మద నీటికి చిన్న కమండలం. వంటగిన్నె ఒకటి అవసరమే, ఎందుకంటే కొన్నిచోట్ల సదావ్రతం కింద పిండి, పప్పు పచ్చివి ఇస్తారు, పుల్లలు ఏరుకొని వండుకోవాలి. అన్నీ కలిపి సంచితో సహా ఆరు కిలోలకు కొంచెం లోపు వచ్చింది. రెండు లీటర్ల నీరు, కాస్త తిండి చేరితే ఎనిమిదిన్నర. నా బరువు 66 కిలోలు. శరీర బరువులో ఐదో వంతు దాటకూడదన్న సాధారణ సూత్రానికి ఇది బాగా లోపలే ఉంది. బయలుదేరే ముందు ఇదే బరువుతో హనుమకొండ నుంచి ఐనవోలు దాకా నడిచి చూశాను. భుజం పట్టీలు అర అంగుళం దగ్గరగా ఉండాలని అప్పుడే తేలింది, మాస్టర్ అదే సాయంత్రం విప్పి కుట్టి ఇచ్చారు.

మొత్తం దారిలో సంచి కుట్టు ఎక్కడా విడిపోలేదు. శూలపాణి ఝాడీ అడవిదారిలో ముళ్లు తగిలి పక్క జేబుల జాలీ చిరిగింది. అక్కడ జాలీకి బదులు గట్టి గుడ్డే వేయించుకోవడం మేలు. భుజం పట్టీల్లోని ఫోమ్ సగం దారికే అణిగిపోయింది. పేరున్న కంపెనీల సంచుల్లో వాడే దట్టమైన ఫోమ్ ఈయన దగ్గర లేదు, పరుపుల దుకాణం నుంచి తెచ్చిన ఫోమ్ వాడతారు. సంచికి ఉన్న అసలైన లోపం ఇదే, పది కిలోలు దాటి మోసేవారికి ఇది చిన్న లోపం కాదు. వీపు వెనుక గాలి ఆడే ఏర్పాటు కూడా లేదు, మార్చి ఎండల్లో చొక్కా తడిసి ముద్దవుతుంది. ఛాతీ పట్టీ బకిల్ ఒకటి విరిగితే తిరిగి వచ్చాక డబ్బు తీసుకోకుండా మార్చారు.

దుకాణం మీద నాకున్న ఫిర్యాదు సమయపాలన గురించి. వారం అన్నది మూడు వారాలైంది, ఫోను చేస్తే రేపు అనే సమాధానం తప్ప వేరేది రాదు. రసీదు ఇవ్వరు, ఒప్పుకున్న వివరాలు కాగితం మీద ఉండవు. కాబట్టి గుడ్డ రకం, జేబుల సంఖ్య, పట్టీల కొలత మీరే రాసి, ఒక కాపీ ఆయన దగ్గర ఉంచడం మంచిది. నా సంచికి గుడ్డ, కుట్టుకూలి కలిపి 3,200 రూపాయలు తీసుకున్నారు. మా వదినకు కుట్టిన సంచికి భుజం పట్టీలు తిన్నగా కాకుండా వంపు తిప్పి, నడుము పట్టీ కోణం మార్చి కుట్టారు, అదే ధరకు. ఆడవారి కొలతలకు సరిపోయే సంచులు మన ఊళ్లో తక్కువగా దొరుకుతాయి కనుక వారికి ఈ దుకాణాన్ని ప్రత్యేకంగా సూచిస్తాను. గుడారం, పొయ్యి, చలి దుస్తులు మోస్తూ హిమాలయాలకు వెళ్లేవారు మాత్రం లోపల లోహపు చట్రం ఉన్న తయారీ సంచినే కొనుక్కోవాలి, ఆ పని ఇక్కడ జరగదు.

కార్తికంలో బయలుదేరాలనుకునేవారు శ్రావణంలోనే సామాను బస్తాతో ఆయన దగ్గరికి వెళ్లాలి. జూన్ అంతా స్కూలు బ్యాగుల రద్దీ, బతుకమ్మ మొదలైతే పనివారు ఊళ్లకు పోతారు, దసరా తరువాత ఇచ్చిన ఆర్డరు దీపావళికి కూడా చేతికి రాదు. ఉదయం పదకొండు దాటాక వెళ్తే మాస్టర్ ఉంటారు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టరు దించి ఉంటుంది.